పిలిస్తే పలికే మనిషి

(తిరుపతిలో పెద్దల కోసం, వాళ్ల ఇంటివాళ్ల కోసం ఏర్పాటైన సాయంకాలపు సభలో ఒక కుటుంబ సలహాదారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మన ఊళ్లో స్వామి గురించి ఒక మాట అంటాం. పిలిస్తే పలికే దేవుడు అని. దేవుణ్ని పొగడాలంటే ఎన్ని మాటలైనా ఉన్నాయి. అయినా జనం నోట నిలిచింది ఈ మాట. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే మనిషికి కావలసింది ఆ పలుకే. ఇంట్లో మనిషి నుంచి కూడా మనకు కావలసింది అదే. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది: పిలుపు, పలుకు.

ముందుగా, సంతోషం ఎందుకు నిలవదో చూద్దాం. కొత్త ఇంట్లో దిగిన మొదటి నెల గోడను చేత్తో తడిమి చూసుకుంటాం. ఆర్నెల్లు పోయాక గోడ కనబడదు, దాని మీద పడిన మరక మాత్రం కనబడుతుంది. 1978లో అమెరికాలో బ్రిక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు లాటరీ తగిలిన 22 మందిని, అదే ప్రాంతంలో ఉండే మామూలు మనుషులు 22 మందిని పోల్చి చూశారు. లాటరీ వాళ్లు చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. పైగా స్నేహితుడితో కబుర్లాడడం, పొద్దున టిఫిన్ తినడం లాంటి చిన్న సంగతుల్లో వాళ్లకు దొరికే ఆనందం తగ్గింది. అది చిన్న అధ్యయనం, దాని మీద పెద్ద మేడ కట్టకూడదు. కానీ అది చూపించిన గుణం మనందరికీ అనుభవమే. మారని వస్తువుకు మనసు అలవాటు పడిపోతుంది. మనిషి అట్లా కాదు. రోజూ ఏదో ఒక కొత్త మాట అంటాడు. ఆ మాట మనం వింటున్నంత కాలం అతను మనకు పాతబడడు.

దీనికి గట్టి ఆధారం హార్వర్డ్ అధ్యయనం. 1938లో ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులు 268 మందితో మొదలైంది. ఆ కాలంలోనే బోస్టన్ పేటల్లోని పేద ఇళ్ల అబ్బాయిలు 456 మందితో ఇంకో అధ్యయనం నడిచింది. తర్వాత రెంటినీ కలిపారు. మొత్తం 724 మంది. వాళ్లను ముసలితనం దాకా వెంబడించారు. రక్తపరీక్షలు చేశారు, ఉద్యోగాల గురించి అడిగారు, ఇళ్లకు వెళ్లి మాట్లాడారు. భార్యలను, తర్వాత పిల్లలను కూడా చేర్చుకున్నారు. ఇప్పుడు దాన్ని నడుపుతున్నది నాలుగో సంచాలకుడు రాబర్ట్ వాల్డింగర్. 80 ఏళ్లప్పుడు ఎవరు ఆరోగ్యంగా ఉంటారో ముందే చెప్పడానికి 50 ఏళ్లప్పటి కొలెస్ట్రాల్ కన్నా, అప్పటికి వాళ్లు తమ అనుబంధాలతో ఎంత తృప్తిగా ఉన్నారన్నదే బాగా పనికొచ్చింది. ఒక లోటు కూడా చెప్పాలి. మొదట చేరినవాళ్లంతా మగవాళ్లే, తెల్లజాతివాళ్లే. అందుకని ఒక్కదాన్నే నమ్ముకోనక్కర్లేదు. 2010లో 148 అధ్యయనాలను, అందులోని 3,08,849 మంది వివరాలను కలిపి లెక్క కట్టారు. మనుషులతో గట్టి సంబంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం మిగతావాళ్ల కన్నా 50 శాతం ఎక్కువని తేలింది.

లోపల జరిగేదేమిటి? దీన్ని తేటగా చూపించింది 2005లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పని. 42 జంటలను తీసుకున్నారు. చేతి మీద చిన్న బొబ్బల్లాంటి పుండ్లు చేసి, అవి ఎంత వేగంగా మానుతున్నాయో కొలిచారు. ఒకసారి ఆసుపత్రిలో ఉంచినప్పుడు ఒకరికొకరు ఊరటగా మాట్లాడుకోమన్నారు. ఇంకోసారి ఇద్దరికీ పొసగని విషయం మీద మాట్లాడుకోమన్నారు. పొసగని మాటల తర్వాత పుండు మానడం ఆలస్యమైంది. ఎప్పుడూ కసిగా మాట్లాడుకునే జంటల్లో అయితే మిగతావాళ్లకు నూరు వంతులు మానే చోట అరవై వంతులే మానింది. మాట పడ్డప్పుడు ‘గుండెల్లో గుచ్చుకుంది’ అంటాం కదా. ఆ మాట తోలు దాకా, నెత్తురు దాకా పోతుంది. ఇంట్లో షుగర్ మనిషి ఉంటే, కాలికి పుండు ఉంటే, మందులతో పాటు ఇంటి మాటలు కూడా చూసుకోండి.

ఇక పనిలోకి వద్దాం.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ కొత్తగా పెళ్లయిన జంటలను గమనించారు. ఇద్దరిలో ఒకరు ఏదో చిన్న మాట అంటారు. రెండోవాళ్లు పలుకుతారు, లేదా పలకరు. ఆరేళ్ల తర్వాత చూస్తే, కలిసి ఉన్న జంటల్లో అలాంటి పిలుపుల్లో నూటికి 86 సార్లు పలికారు. విడిపోయినవాళ్లు 33 సార్లే పలికారు.

పిలుపు పిలుపులా వినబడదు, చిక్కంతా అక్కడే ఉంది. ‘నా దగ్గర కాసేపు కూర్చో’ అని ఎవరూ అనరు. ‘కొండ మీద మబ్బు కమ్మింది చూడు’ అంటారు. ‘చెనిక్కాయలు ఉడకేసినా’ అంటారు. జేజి ‘మోకాలు లాగుతా ఉంది’ అంటుంది. ఆ మోకాలుకు రాసుకోవలసిన నూనె ఏదో ఆమెకు మీకన్నా బాగా తెలుసు. ఆమె అడుగుతున్నది నూనె కాదు. పిల్లాడు తలుపు దగ్గర నిలబడి ఊరికే గొళ్లెం ఆడిస్తాడు, అదీ పిలుపే. భర్త వంటింట్లోకి వచ్చి ఏ పనీ లేకుండా డబ్బా మూత తీసి చూస్తాడు. అదీ పిలుపే.

పలకడానికి పట్టేది 20 సెకన్లు. చేతిలో ఉన్నది కింద పెట్టండి. ఫోన్‌ను బోర్లా పెట్టడం కాదు, చేతికి అందనంత దూరంలో పెట్టండి. ముఖం అటు తిప్పండి. వాళ్లన్న మాటలోంచే ఒక ముక్క తీసుకుని తిరిగి అనండి: ‘మోకాలా? రెండోదా, మొన్నటిదేనా?’ ఆ తర్వాత ఆగండి. ఈ ఆగడం దగ్గరే చాలామంది తప్పుతారు. ఆగకుండా మందు చెప్పేస్తారు, డాక్టరు పేరు చెప్పేస్తారు. ముఖ్యంగా మగవాళ్లు. ప్రేమతోనే చెబుతారు, కాదనను. కానీ పరిష్కారం వచ్చిందంటే అక్కడితో మాట అయిపోయిందని అర్థం. సందేహంగా ఉంటే అడిగేయండి: ‘ఏం చేద్దామో చెప్పనా, వినమంటావా?’

పనిలో ఉండి పలకలేకపోతే? ‘ఊఁ’ అని ఊరుకోవద్దు. ‘ఊఁ’ అన్నది వింటున్నట్టు నటించడం, ఇంట్లోవాళ్లకు అది తెలిసిపోతుంది. ‘ఈ లెక్క అయిపోనీ, పది నిమిషాల్లో వస్తా’ అనండి. పది నిమిషాలకు మీరే లేచి వెళ్లి, ‘ఇందాక ఏదో అన్నావే’ అని మొదలుపెట్టండి. వాళ్ల చేత రెండోసారి పిలిపించుకోవద్దు. రెండుసార్లు పిలిచి పలుకు దొరకనివాళ్లు మూడోసారి పిలవరు. వాళ్లు పిలవడం మానేస్తే ఇంట్లో గొడవ ఉండదు. అందుకే అంతా బాగుందనుకుంటాం. చాలా ఇళ్లలో చప్పుడు లేకపోవడాన్ని శాంతి అనుకుని మోసపోతున్నాం.

కష్టం చెప్పుకున్నప్పుడు పలకడం ఒక ఎత్తు, మంచి వార్త చెప్పినప్పుడు పలకడం ఇంకో ఎత్తు. షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు ఈ రెండో దాన్ని పట్టుకున్నారు. ఒక ఉదాహరణ చూడండి. అమ్మాయికి శ్రీసిటీలో ఉద్యోగం వచ్చింది. పరుగున వచ్చి చెప్పింది. ఇంటి నుంచి నాలుగు రకాల జవాబులు రావచ్చు. ‘అబ్బా! ఎవరు ఫోన్ చేశారు? ఏమన్నారు? నువ్వేమన్నావు?’ అన్నది ఒకటి. ‘మంచిదమ్మా’ అని మళ్లీ టీవీ వైపు తిరగడం రెండోది. ‘అంత దూరం బస్సులోనా? రాత్రి షిఫ్టులుంటాయేమో, ఆరోగ్యం ఏం కావాలి?’ అనడం మూడోది. ‘అది సరే, గ్యాస్ బుక్ చేశావా?’ నాలుగోది. బంధాన్ని పెంచేది మొదటిది ఒక్కటే. మిగతా మూడూ ఏదో ఒక మేరకు తగ్గిస్తాయి. నెమ్మదిగా అన్న ‘మంచిదమ్మా’ కూడా తగ్గిస్తుంది.

మన ఇళ్లలో మూడోది ఎక్కువ. దానికి కారణం ఉంది. దిష్టి తగులుతుందని భయం. ఎక్కువ పొగిడితే పిల్లలు చెడతారని భయం. మీ భయాన్ని నేను కాదనను. రాత్రికి ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీయండి. పిల్ల చెప్పినప్పుడు మాత్రం ఆ కథంతా చెప్పించుకోండి. ఒక్క ప్రశ్నతో ఆగకుండా మూడు అడగండి. మూడో ప్రశ్నకు వచ్చేసరికి ఆమె ఆ సంతోషాన్ని మీ ముందు రెండోసారి అనుభవిస్తుంది. బస్సు గురించిన ఆందోళన రేపు పొద్దున మాట్లాడుకోవచ్చు, బస్సు ఎక్కడికీ పోదు.

ఇప్పుడు జగడాలు. జగడం లేని ఇల్లు కావాలని రావద్దు, ఆ మందు ఎవరి దగ్గరా లేదు. గాట్‌మన్ లెక్కలో దంపతుల తగవుల్లో 69 శాతం ఎప్పటికీ తెగనివే. ఒకరికి పొదుపు, ఇంకొకరికి పెట్టుపోతలు. ఒకరికి ఆరింటికే బస్టాండులో ఉండాలి, ఇంకొకరు బస్సు కదులుతుంటే ఎక్కుతారు. ఇవి తేలవు. తేలకపోయినా కాపురాలు బాగుంటాయి. అయితే గొడవ పడుతున్నప్పుడు కూడా ఒక చేదు మాటకు ఐదు తీపి గుర్తులు ఉండాలి. తీపి గుర్తు అంటే పెద్దదేమీ కాదు. తల ఊపడం, ‘ఆ మాట నిజమే’ అనడం, మంచినీళ్ల గ్లాసు అందించడం.

చేదు మాటల్లో అన్నిటికన్నా విషం ఏది? కోపం కాదు, వెటకారం. ‘మీ పుట్టింట్లో ఇదే నేర్పారా’, ‘నీ మొహానికి అదొక్కటే తక్కువ’ లాంటివి. కోపంలో నువ్వు తప్పు చేశావు అంటాం. వెటకారంలో నువ్వే తక్కువదానివి అంటాం. మొదటిదానికి జవాబు ఉంటుంది, రెండోదానికి ఉండదు. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అని మొదలుపెట్టిన మాట కూడా మంచి చోటికి చేరదు. మొదలు మార్చండి. జరిగింది చెప్పండి, మీకేమైందో చెప్పండి, కావలసింది అడగండి. ‘నిన్న రాత్రి పదింటిదాకా ఫోన్ రాలేదు, నాకు చాలా భయమేసింది, ఆలస్యమైతే ఒక్క మెసేజి పెట్టు.’ మూడు ముక్కలు, అంతే.

మాట పెరిగినప్పుడు నాడి చూసుకోండి. నిమిషానికి 100 దాటితే ఎదుటివాళ్లు చెప్పేది తలకెక్కదు. వినాలన్న మనసు ఉన్నా ఒళ్లు విననివ్వదు. అప్పుడు ఆపండి, కనీసం 20 నిమిషాలు. ఒళ్లు చల్లబడడానికి ఆ మాత్రం పడుతుంది. ఆపే పద్ధతిలో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, చెప్పకుండా చెప్పులేసుకుని వెళ్లిపోవడం. ఇంట్లో ఉన్న మనిషికి అది వదిలేసి పోయినట్టే ఉంటుంది. ‘ఎనిమిదిన్నరకు వచ్చి మాట్లాడతా’ అని టైము చెప్పి వెళ్లండి, చెప్పిన టైముకు రండి. రెండోది, బయట తిరుగుతూ లోపల జవాబులు నూరుకోవడం. అప్పుడు ఇరవై నిమిషాలు కాదు, రెండు గంటలైనా నాడి దిగదు. కూరగాయలు కొనండి, పక్కింటి పిల్లలతో ఆడండి, పాట వినండి.

ఇక్కడ కాణిపాకం గుర్తొస్తుంది. మన జిల్లాల్లో తగవు తెగకపోతే అక్కడి వినాయక స్వామి ముందు ప్రమాణం చేద్దాం రమ్మంటారు. ఆ ప్రమాణానికి ఉన్న విలువ చాలా గొప్పది, ఎన్నో అబద్ధాలను ఆపింది. అయితే ప్రమాణం తేల్చేది ఎవరిది నిజమన్న సంగతి. అన్నదమ్ములు మళ్లీ ఒక పంక్తిలో కూర్చుని సంగటి తినాలంటే అది వేరే పని, అది ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

ఆ మొదలు ఎట్లా? భూమి పంపకాల్లో మాటలు ఆగిపోయి పదేళ్లయిన ఇళ్లు ఈ సభలోనే ఉండి ఉంటాయి. మొదటి ఫోన్‌లో భూమి ఊసెత్తవద్దు. క్షమాపణ అడగవద్దు, చెప్పమనవద్దు. ఏమీ కోరవద్దు. ‘అన్నా, ఈరోజు సంతలో నీకిష్టమైన అనపకాయలు చూసినా, గుర్తొచ్చినావు’ అని రెండు మాటలు. జవాబు రాకపోతే నెల ఆగి మళ్లీ ఒకటి. అట్లా మూడుసార్లు. అవతలివాళ్లు విసుక్కుంటారేమోనని మనం భయపడతాం. 2022లో పెగ్గీ లియూ, ఆమె తోటివాళ్లు దీన్నే పరీక్షించారు. చాన్నాళ్లుగా మాటల్లేనివాళ్లను పలకరిస్తే, పలకరించినవాళ్లు అనుకున్నదాని కన్నా అందుకున్నవాళ్లు ఎక్కువ సంతోషించారు. అనుకోకుండా వచ్చిన పలకరింపు అయితే ఇంకా ఎక్కువ. తగవులున్న అన్నదమ్ముల మీద చేసిన పరీక్ష కాదది, ఆ తేడా గుర్తుంచుకోండి. అయినా దారి అదే.

ఇంకో దారి మన ఊరే చూపిస్తుంది. ఏటా గంగమ్మ జాతరకు కొండ మీద నుంచి సారె వస్తుంది. తాతయ్యగుంట గంగమ్మ స్వామికి చెల్లెలు. అన్న చెల్లెలికి పసుపు కుంకుమలు, చీర పంపుతాడు. ఈ ఏడు పంపాలా వద్దా అన్న ఆలోచనే రాదు. రోజు వస్తే సారె బయలుదేరుతుంది. బంధాన్ని మన మూడ్ మీద వదిలిపెట్టకుండా క్యాలెండరు మీద పెట్టడం అంటే ఇదే. మీరూ పెట్టుకోండి. మేనత్తకు ప్రతి సంక్రాంతి ముందు రోజు ఫోన్. తమ్ముడి ఇంటికి జాతర రోజు పులిహోర డబ్బా. ప్రేమ పుట్టుకొచ్చాక చేద్దామనుకుంటే ఏళ్లు గడుస్తాయి.

పిల్లలు దూరంగా ఉన్నవాళ్ల సంగతి. మన ఇళ్లలో సగం మంది పిల్లలు బెంగళూరు, చెన్నై, అక్కడి నుంచి అమెరికా. వాట్సాప్‌లో పొద్దున్నే పువ్వుల బొమ్మ పంపితే పలకరించినట్టు కాదు. గొంతు వినాలి. 2021లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ పరిశోధనలో రాసుకున్నదాని కన్నా గొంతుతో మాట్లాడితే దగ్గరితనం ఎక్కువ కలిగింది. ఇబ్బందిగా ఉంటుందేమో అనుకున్నవాళ్లకు కూడా అంత ఇబ్బంది అనిపించలేదు. వారానికి ఒక టైము ఖాయం చేసుకోండి. ఇక్కడ ఆదివారం పొద్దున ఏడున్నర అంటే డల్లాస్‌లో శనివారం రాత్రి, వేసవిలో తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. ఇద్దరూ మేలుకుని ఉండే వేళ. ‘తిన్నావా’ అని అడగండి, అది మన పిలుపు, మానవద్దు. కానీ అక్కడే ఆగవద్దు. ‘ఏం తిన్నావు, ఎవరితో తిన్నావు?’ అని అడగండి. ‘ఎవరితో’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబులో బిడ్డ బతుకు సగం తెలుస్తుంది. పిల్లలకూ ఒక మాట. అమ్మానాన్నలను మందులు, కరెంటు బిల్లు గురించే అడగవద్దు. ఒక పని నేర్పించమనండి. పచ్చిపులుసులో చింతపండు ఎంతో అడగండి. అవసరం తీరినందుకు కాదు, తమతో అవసరం ఉన్నందుకు పెద్దవాళ్లు వెలుగుతారు.

స్నేహానికి ఒక లెక్క ఉంది. 2018లో కేన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ వేసినది. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి, స్నేహితుడు అనడానికి 90, ఆప్తుడు కావడానికి 200 పైన. రిటైరయ్యాక ఈ ఊరు చేరినవాళ్లు, ఇక్కడ ఎవరూ మాట్లాడరని బాధపడేవాళ్లు ఈ లెక్క చూసుకోండి. రోజూ గంట ఒకే మనిషితో నడిస్తే ఆప్తుడు కావడానికి ఏడు నెలలు. రోజుకొక గుంపుతో నడిస్తే ఏళ్లు గడిచినా ముఖపరిచయమే. కాబట్టి ఒకే చోటు, ఒకే వేళ, ఒకే ఇద్దరు ముగ్గురు. పనిలో గడిచిన గంటలకు అంత బలం లేదని కూడా ఆయన చూశారు. అందుకే ముప్పై ఏళ్లు ఒకే ఆఫీసులో ఉన్నా రిటైరైన మర్నాడు ఎవరూ మిగలరు.

ఇంటికెళ్లాక ఒక కాగితం తీసుకుని ఐదు పేర్లు రాయండి. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ చేస్తే రుయా ఆసుపత్రికి మీతో వచ్చేవాళ్లు. రాబిన్ డన్‌బార్ లెక్కలో మనిషి మనసుకు బాగా దగ్గరగా పట్టేది ఐదుగురే, ఆ తర్వాతి వలయంలో పదిహేను మంది. పెళ్లికి వెయ్యి మందిని పిలిచే ఇంట్లో ఈ ఐదు గీతలు నిండకపోవచ్చు. ముఖ్యంగా మగవాళ్లకు. బంధువులతో మాటలన్నీ భార్య ద్వారానే నడిపినవాళ్లకు, ఆమె పోయిన రోజు నుంచి ఇంటి ఫోన్ మోగదు. ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. మూడు పేర్లే వస్తే మిగతా రెండు గీతలు ఖాళీగా ఉంచండి. పదిహేను మందిలోంచి ఇద్దరిని ఎంచుకుని గంటలు పెట్టడం మొదలుపెట్టండి.

ఒక్క హెచ్చరిక. నేను చెప్పినవన్నీ భయం లేని ఇళ్లకు. చెయ్యి చేసుకునే చోట, తాగి కొట్టే చోట ఇవేవీ పనిచేయవు, ఓర్చుకుని పలకమని నేను చెప్పను. ఆడవాళ్లకు 181, పెద్దవాళ్లకు 14567, మనసు బాగా కుంగినప్పుడు ఎవరికైనా 14416. ప్రాణం మీదికొస్తే 112. రాసుకోండి, రాసిన కాగితం ఫోన్ కవరులో పెట్టుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక తల్లి: మా ఆయన పెళ్లయినప్పటి నుంచీ అంతే సార్. నేను పలుకుతాను, ఆయన పిలవడు. ఏమడిగినా ‘ఏముంది చెప్పడానికి’ అంటాడు.)

అమ్మా, ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే కొందరికి నోరు రాదు. కళ్లల్లోకి చూస్తుంటే పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. పక్కపక్కన ఉండే పని పెట్టుకోండి. చెనిక్కాయలు ఒలవడం, చెట్లకు నీళ్లు పోయడం, సాయంత్రం కపిలతీర్థం దాకా నడవడం. చేతులకు పని ఉండాలి, చూపు వేరే చోట ఉండాలి. ‘ఏమాలోచిస్తున్నావు’ అని అడగవద్దు, ఆయనకు బాగా తెలిసిన విషయం అడగండి. ‘మీ నాయన బావి తవ్వించినప్పుడు ఎన్ని మట్ల లోతుకు నీళ్లు పడినాయి?’ అట్లాంటిది. అడిగాక లోపల పది దాకా లెక్కపెట్టుకోండి, ఆ పది లోపల మీరు మాట్లాడవద్దు. ఆయన ఒక్క ముక్క చెప్పినా దాన్నే పట్టుకుని ఇంకోటి అడగండి. మొదటి వారం రెండు ముక్కలే రావచ్చు. వారానికి నాలుగు సాయంత్రాలు, రెండు నెలలు చేసి చూడండి. ఈలోగా డబ్బా మూత తీసి చూడడానికి వంటింట్లోకి వస్తాడా, రాడా?

(ఆ తల్లి: వస్తాడు సార్, రోజూ వస్తాడు.)

అయితే పిలుస్తున్నాడమ్మా. రేపు వచ్చినప్పుడు ఆ డబ్బాలోంచి నాలుగు చెనిక్కాయలు చేతిలో పోసి, ‘ఉప్పు సరిపోయిందా?’ అని అడగండి.